నా బరువుకి బిగించిన బండి

“నీ చేతులు చిన్నవి కదా, ఆ బోల్టు సంగతి నువ్వే చూడు” అన్నాడు మా ఆయన, బ్యాగు భుజాన వేసుకుంటూ. నేనప్పుడు సింకు దగ్గర నిలబడి పొద్దుటి గిన్నెలు తోముతున్నాను. చేతులు చిన్నవన్న మాట పెళ్ళైన కొత్తలో మెచ్చుకోలుగా వినిపించేది. వాటిని తన చేతుల్లోకి తీసుకుని “పిట్టల్లా ఉన్నాయి” అన్న మనిషే, నెల తిరక్కుండా ఆ పిట్టలకి పని కనిపెట్టాడు. అతని చెయ్యి పట్టని చోటల్లా నా చెయ్యి పడుతుంది. ఇంజను సందులో జారిపడ్డ నట్టు, డాష్‌బోర్డు వెనక తెగిన వైరు, సింకు గొట్టంలో ఇరుక్కున్న చెంచా. ఏది అందకపోయినా “ఇదిగో, ఒకసారి వచ్చి చెయ్యి పెట్టు” అని కేక. చెయ్యి తుడుచుకుని వెళ్ళి, చెయ్యి పెట్టి, మళ్ళీ చెయ్యి కడుక్కుని వస్తాను.

ఇంటికి ఆనుకునే మా షెడ్డు. పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేస్తాం. “చేస్తాం” అని నేనంటాను, “చేస్తాను” అని అతనంటాడు. వచ్చినవాళ్ళకి నన్ను పరిచయం చెయ్యక తప్పనప్పుడు “మా ఆవిడ, కాస్త చేతిసాయం” అంటాడు. ఆ చేతిసాయం పొద్దున వంట కాగానే మొదలై సాయంత్రం వంట వేళకి ఆగుతుంది. మధ్యలో నేను కారు కింద పడుకుని ఉండగానే పైనుంచి “డాక్టరుగారొచ్చారు, టీ పెట్టు” అని వినపడుతుంది. బోల్టు సగంలో వదిలేసి, సబ్బుపొడితో చేతులు రుద్దుకుని, టీ పెట్టిచ్చి, మళ్ళీ కిందికి దూరతాను. ఎంత రుద్దినా గోళ్ళ కింద నలుపు పోదు. ఒకసారి ఆ డాక్టరు, అంటే మా దగ్గరికి తరచూ వచ్చే పళ్ళ డాక్టరు, కప్పు అంచున నా వేలిముద్ర చూసి రుమాలుతో తుడుచుకుని మరీ తాగాడు. ఆ సాయంత్రం మా ఆయన “కాస్త శుభ్రంగా ఉండొచ్చు కదా, నలుగురొచ్చే చోటు” అన్నాడు. ఆ నలుగురూ వచ్చేది నేను బిగించిన బళ్ళు తీసుకెళ్ళడానికేనని నేననలేదు. అనాల్సినవన్నీ నిలబడి అంటూ ఉంటే పొయ్యి మీద కూర మాడిపోతుంది.

ఇది కస్టమర్ల బండి కథ కాదు, మా సొంత బండిది. రెండే సీట్లు, పొడుగు ముక్కు, పొట్టి తోక. మేమిద్దరం పుట్టకముందు తయారైంది. పాత ఇనప సామాన్ల కొట్టు వెనక, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న స్థితిలో దొరికింది. “సగం నీది, సగం నాది” అన్నాడు తెచ్చుకున్న రోజు. ఏ సగం ఎవరిదో అప్పుడు నేనడగలేదు. పై సగం అతనిదనీ, కింది సగం నాదనీ పని మొదలయ్యాక తెలిసింది.

ఏటా ఒక ఆదివారం ఊరవతల కొండ రోడ్డు మూసేసి పాత కార్లకి పందెం పెడతారు. ఒక్కో బండీ ఒంటరిగా కొండెక్కాలి, ఎవరు తొందరగా పైకి చేరితే వాళ్ళకి కప్పు. ప్రతి బండికీ ఒక డ్రైవరూ, ఒక మారు డ్రైవరూ ఉండాలని, ఇద్దరిలో ఎవరు నడిపినా చెల్లుతుందని నియమం. డ్రైవరు మా ఆయన, మారు డ్రైవరు నేను. “ఈ ఒక్కసారికీ నన్ను పోనీ, వచ్చే ఏడు నువ్వే” అంటాడు ప్రతి ఏడూ. ఈ బండిని నేను నడిపిన దూరమంతా షెడ్డులోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి షెడ్డులోకి. కడగడానికి బయటికి, ఆరాక లోపలికి. అప్పుడు కూడా పెడళ్ళు అందక వీపు వెనక దిండు పెట్టుకోవాలి, ఆ సీటు అతని కాళ్ళ కొలతకి నేలకి బిగించేసి ఉంటుంది కాబట్టి. ఎవరైనా “మీరు నడపరా అండీ?” అని అడిగితే నేను నోరు తెరిచేలోపే అతను “అమ్మో, తనకి భయం” అంటాడు. నాకు భయమన్న సంగతి నాకంటే ముందు ఊరందరికీ తెలిసింది. నాకు భయం లేదు. నాకు ఆ కొండ ఎక్కాలని ఉంది. గిన్నెలు తోముతూ ఆ మలుపులన్నీ వరసగా చెప్పుకుంటాను, నీళ్ళ ట్యాంకు మలుపు, జంట మలుపు, గోడ మలుపు. ఎక్కడ గేరు దించాలో, ఎక్కడ యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తకూడదో చెప్పుకుంటాను. కుళాయి కట్టేసేసరికి కొండ మీద ఉంటాను.

పోయిన ఏడాది ఆ గోడ మలుపులోనే బండి వెనక భాగం తోక ఊపింది. గిర్రున తిరిగి గోడకి ఆనుకుని ఆగింది. మనిషికేం కాలేదు. ఏం జరుగుతుందో నేను ముందే చెప్పాను. వెనక చక్రం ఒక్కోదాన్నీ ఒక పొడవాటి ఇనప చెయ్యి పట్టుకుని ఉంటుంది, ట్రెయిలింగ్ ఆర్మ్ అంటారు. దాని ముందు కొస ఛాసిస్ అనే అడుగు చట్రంలో ఒక ఇరుకు గూట్లోకి దూరి ఉంటుంది, అక్కడే కీలు. ఆ కీలులో రబ్బరు బుష్. రోడ్డు కుదుపంతా అది మింగేసి, పైన కూర్చున్నవాళ్ళకి తెలియనివ్వదు. మింగీ మింగీ ఒకనాటికి చీలిపోతుంది. అప్పటినుంచీ చక్రం తను చూడాల్సిన వైపు కాక ఇష్టమొచ్చిన వైపు చూస్తుంది. “రబ్బరు తీసేసి ఉక్కు గుండు కీళ్ళు వేద్దాం, అవైతే తిరుగుతాయి గానీ పక్కకి కదలవు” అన్నాను. “రబ్బరే మేలు. మెత్తన, చప్పుడుండదు” అన్నాడు. అక్కడితో ఊరుకోకుండా, షెడ్డులో కూర్చున్న కస్టమర్లకేసి తిరిగి, “మా ఇంట్లో రబ్బరు బుష్ మా ఆవిడేనండీ. మా అమ్మో పక్క, నేనో పక్క. ఎంత కుదిపినా తనే మింగేస్తుంది, బయటికి చప్పుడు రాదు” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతిలో టీ ట్రే ఉంది, అది పట్టుకుని ఇంకేం చెయ్యగలను.

బండి గోడకి ఆనుకున్నాక జనం మూగితే అతనన్న మొదటి మాట, “వెనకంతా మా ఆవిడ బిగించింది లెండి.” మళ్ళీ నవ్వులు. అంతకుముందు రెండుసార్లు కప్పు గెలిచినప్పుడు వెనకెవరు బిగించారో ఎవరికీ చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి కుక్కరు పెట్టాను. కొన్నాళ్ళకి పళ్ళ డాక్టరు ఎక్కడో చూసొచ్చి “రబ్బరు పీకేసి ఉక్కు గుండు వేయించండి సార్” అన్నాడు. “భలే ఐడియా డాక్టరుగారూ!” అని మా ఆయన అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నేనన్నప్పుడు అది గోల, డాక్టరు నోట్లోంచి వస్తే ఐడియా.

సరే, ఈ ఏడు పందెం వారంలో, ఆ పొద్దున బ్యాగు భుజాన వేసుకుని, అదే డాక్టరుతో కలిసి వేరే ఊళ్ళో ఏదో బండి చూడ్డానికి బయల్దేరాడు. శనివారానికి వస్తానన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, “కీళ్ళు మార్చాక చక్రాలు సరిచేసేటప్పుడు నేనుండను కదా, సీట్లో ఇసుక బస్తాలు పెట్టు. నా బరువు తెలుసుగా?” అన్నాడు.

“తెలుసు.”

“ఓ రెండు కిలోలు తగ్గించే పెట్టు. ఈ మధ్య అన్నం తగ్గించాను.”

తగ్గించలేదు. వండేది నేనే కాబట్టి తెలుసు.

ఈ బరువు గొడవేమిటంటే, సీట్లో డ్రైవరు కూర్చుంటేనే బండి తన అసలు ఎత్తుకి దిగుతుంది. ఆ ఎత్తులో వెనక చక్రాలు ఎటు చూస్తున్నాయో కొలవాలి. కొలిచి, గూట్లో ఆర్మ్‌కి అటూ ఇటూ షిమ్‌లనే పల్చటి రేకు ముక్కలు దోపాలి. లోపల ఒకటి ఎక్కువైతే చక్రం ఒకవైపు చూస్తుంది, బయట ఎక్కువైతే ఇంకోవైపు. మామూలు కారుకైతే మనిషి బరువు ఇంత పట్టించుకోనక్కర్లేదు. ఇంత తేలిక బండితో ఆ కొండ మీద పందెం అంటే పట్టించుకోవాలి. ప్రతి ఏడూ అతను పైన సీట్లో కూర్చుని ఫోను చూసుకుంటుంటే, కింద నేను వెల్లకిలా పడుకుని బండిని అతని బరువుకి సరిచేసేదాన్ని. మధ్యమధ్య పైనుంచి “అయిందా?” అని వినపడేది. నా మొహమ్మీద తుప్పు రాలుతుండేది.

అతను వెళ్ళాక షెడ్డు తలుపులు బార్లా తీసి పని మొదలుపెట్టాను. ఆర్మ్‌ని గూటికి పట్టి ఉంచే బోల్టు ఊడి రాలేదు. తుప్పు పట్టి బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోయింది. ఆర్మ్‌కీ గూటి గోడకీ మధ్య సందులోకి ఇనుము కోసే హాక్సా బ్లేడు ఒక్కటే దూర్చి, పిడి లేకుండా, గుడ్డ చుట్టి పట్టుకుని కోశాను. అటు కోసి, ఇటు కోసి, రెండో చక్రం దగ్గర మళ్ళీ అంతా. ఆ చప్పుడుకి మా అత్తగారు బీన్సు గిన్నె పట్టుకుని షెడ్డు గుమ్మంలోకొచ్చింది.

“ఏంటే ఆ గోల? చెవులు తూట్లు పడుతున్నాయి” అంది.

“బోల్టు రావట్లేదత్తయ్యా.”

“రానిదాన్ని అలా వదిలేసి ఊరుకోవచ్చుగా. ఆడదానివి, ఆ మసేంటి, ఆ అవతారమేంటి” అంటూనే స్టూలు లాక్కుని కూర్చుని బీన్సు తుంచడం మొదలుపెట్టింది. ఆవిడ అంతే. విసుక్కుంటుంది, అక్కడే కూర్చుంటుంది. ఆ రోజునుంచి రోజూ వచ్చి కూర్చుంది.

ఆర్ములు రెండూ కిందికి దించి, పాత రబ్బరు కాల్చకుండా మిషనుతో నొక్కి తీశాను. చేతిలోకి వచ్చాక చూస్తే లోపలి నుంచి చుట్టూ చీలిపోయి ఉంది. పైకి మాత్రం నల్లగా నున్నగా బాగానే ఉంది. లేత్ మిషను మీద ఉక్కు కడియాలు చేసి, ఆర్మ్ కొసల్లో పెట్టి వెల్డింగ్ చేశాను. వేడి పూర్తిగా చల్లారేదాకా ఆగాను. గుండు కూర్చునే ప్లాస్టిక్ గిన్నెలు ముందే పెట్టేస్తే కరిగిపోతాయి. ఒకసారి మా ఆయన డాక్టరు బండికి అలాగే కరిగించి, కంపెనీ సరుకు మంచిది కాదన్నాడు. చల్లారాక గ్రీజు పూసి, గిన్నె పెట్టి, గుండు పెట్టి, పైన ఇంకో గిన్నె పెట్టి, రింగు బిగించాను. వేలితో తిప్పితే గుండు ఎటు కావాలంటే అటు తిరిగింది. పక్కకి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నాకు చాలా సంతోషం వేసింది. ఎవరికైనా చూపించాలనిపించింది. అత్తయ్యకి చూపించాను.

ఆవిడ కూడా వేలితో తిప్పి చూసి, “బాగుందే, ఎక్కడా గీసుకోవట్లేదు” అంది. ఆ ఇంట్లో నా పనిని ఎవరైనా బాగుందనడం అదే మొదలు. వంటకి కూడా ఉప్పు సరిపోయిందంటారంతే.

ఆర్ములు గూళ్ళలోకి ఎక్కించి, కొత్త బోల్టులు దూర్చి, బండిని చక్రాల మీదికి దించి, ఇసుక బస్తాలు మోసుకొచ్చి సీట్లో పెట్టాను. అవి కూర్చున్న తీరు అచ్చం మా ఆయనే. ఓ పక్కకి ఒరిగి, పొట్ట ముందుకి తోసి. బెల్టు కూడా పెట్టాను. కిందికి దూరి, గూట్లో చెయ్యి పెట్టి, మొదటి షిమ్ వేళ్ళ మధ్య పట్టుకున్నాను. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. ఏం ఆలోచించానో వరసగా చెప్పలేను. పైన ఇసుక కూర్చుని ఉంది, కింద నేను పడుకుని ఉన్నాను. ఆ మనిషి ఊళ్ళో లేకపోయినా అతని బరువు మాత్రం సీట్లో ఉండాల్సిందే, దానికి తగ్గట్టు నేను కింద సర్దాల్సిందే. ఇల్లూ ఇంతే కదా అనుకున్నాను. అతను నిద్రలేచే వేళకి కాఫీ, అతను తినే కారానికి కూర, అతనికి నచ్చే చోట మంచం. పదేళ్ళ నుంచీ అన్నిటినీ ఆ ఒక్క బరువుకే సరిచేస్తున్నాను. నా బరువెంతో ఎప్పుడైనా ఎవరైనా అడిగారా అంటే, కారులో సామాను ఎక్కువైనప్పుడు “నువ్వు తర్వాత బస్సులో రా” అనడానికి అడిగారు. వచ్చే ఏడు నువ్వే అంటాడు. బండి అతని బరువుకి బిగించి ఉన్నంతకాలం ఆ వచ్చే ఏడు రాదు. నేను బిగిస్తున్నాను కాబట్టే రావట్లేదు.

షిమ్ అక్కడే వదిలేసి బయటికొచ్చాను. బస్తాలు దించాను. సీటు కింది బోల్టులు ఊడదీసి, ముందుకి జరిపి, కొత్త రంధ్రాలు వేసి బిగించాను. కూర్చున్నాను. దిండు లేకుండా మూడు పెడళ్ళూ అందాయి. కాసేపు అలాగే కూర్చుని, దిగి, ఒక బస్తా మూతి విప్పి ఇసుక పారబోస్తుంటే అత్తయ్య వచ్చింది.

“ఎందుకే పారబోస్తున్నావ్? మళ్ళీ ఊడ్చేదెవరు?”

“బరువు తగ్గించాలత్తయ్యా.”

“ఎంతకి?”

“నా అంతకి.”

ఆవిడ బస్తాల్ని చూసింది, ముందుకి జరిగిన సీటుని చూసింది, నన్ను చూసింది. “ఆదివారం నువ్వు తోలతావా?” అంది.

“తోలతాను.”

“వాడికి చెప్పావా?”

“లేదు.”

తిడుతుందనుకున్నాను. గిన్నె స్టూలు మీద పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుంది. “ఇసుకెందుకు మరి? నా బట్టలు నీకు సరిపోతాయి, నీవి నాకు సరిపోతాయి. నేను కూర్చోనా?”

పార్టులు తూచే కాటా మీద ఇద్దరం వంతులవారీగా నిలబడ్డాం. ఆవిడ ఓ చెంబు నీళ్ళంత ఎక్కువ. “చెప్పులు విప్పేస్తాలే” అంది. ఆ కారులోకి దిగడానికి ఆవిడ పడ్డ పాట్లు చూసి నాకు నవ్వాగలేదు. ముందు ఒక కాలు, తర్వాత తల, తర్వాత మిగతా మనిషి. “ఇది కారా, స్నానం చేసే తొట్టా?” అంటూ కూలబడింది. కుదురుకున్నాక రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది.

“కదలకూడదా?”

“కదలకూడదు.”

“ఊపిరి?”

“అది పీల్చుకోవచ్చు.”

నేను కిందికి దూరి చెయ్యి పెట్టగానే చెవులదిరేలా హారను మోగింది. తల ఛాసిస్‌కి కొట్టుకున్నాను. “పనిచేస్తోందే!” అంది పైనుంచి, చిన్నపిల్లలా. నేను కొలుస్తూ, షిమ్‌లు మారుస్తూ, మళ్ళీ కొలుస్తూ ఉన్నాను. మా మామగారు బతికున్నన్నాళ్ళూ టాక్సీ నడిపారు. ఆవిడ ఉన్నట్టుండి ఆ సంగతి ఎత్తింది. “మీ మామయ్య టాక్సీ రోజూ తెల్లారేసరికి కడిగింది నేనే. చలికాలం చేతులు కొంకర్లు పోయేవి. ఎక్కడికైనా వెళ్తే ముందు సీట్లో ఆయన తమ్ముడు, వెనక పిల్లలు, నాకు సామాన్ల పక్కన సందు. ఈ చక్రం ఎప్పుడూ పట్టుకోలేదే. తుడిచాను గానీ పట్టుకోలేదు.”

నేను ఆఖరి షిమ్ దోపి స్పానరు అందుకున్నాను.

“బిగిస్తున్నావా?” అంది.

“బిగిస్తున్నానత్తయ్యా.”

“గట్టిగా బిగించు.”

శనివారం మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. బ్యాగు నేల మీద పడేసి నేరుగా షెడ్డులోకి వెళ్ళి, బండిలోకి దిగబోయాడు. మోకాళ్ళు స్టీరింగుకి తగులుకుని, పొట్ట దగ్గర ఇరుక్కుని, సగం లోపల సగం బయట ఉండిపోయాడు.

“సీటు ముందుకొచ్చిందేంటి?”

“జరిపాను” అన్నాను.

“ఎందుకు? సరే, ఆ స్పానరివ్వు. అయిదు నిమిషాల పని.”

“సీటు జరపొచ్చు. కానీ వెనకంతా నా బరువుకి బిగించాను.”

అతను నవ్వాడు. “పొరపాటున...”

“పొరపాటు కాదు. రేపు నేను నడుపుతున్నాను. మారు డ్రైవర్ని కదా.”

నవ్వు మొహమ్మీదే ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. బండిలోంచి కష్టపడి బయటికొచ్చి, “ఇలాంటివి ముందు అడగాలా వద్దా? అయినా ఆ షిమ్‌లు మార్చడం ఎంతసేపు” అని గొణుగుతూ కింద పడుకున్నాడు. అతన్ని ఆ బండి కింద చూడటం నాకదే మొదటిసారి. గూట్లో చెయ్యి పెట్టాడు. వేళ్ళు వెళ్ళాయి, కణుపుల దగ్గర ఆగిపోయాయి. పక్కకి తిప్పి చూశాడు. చర్మం గీసుకుపోయి “అబ్బా” అన్నాడు.

“మీ చెయ్యి పట్టదు” అన్నాను.

“నువ్వే మార్చు మరి.”

“మార్చను.”

ఎప్పుడూ వాడని మాట, నా నోటికే కొత్తగా ఉంది. అతను కిందనుంచే నావైపు చూశాడు. “అలాగే నడిపేస్తాను” అన్నాడు.

“నడపొచ్చు. గోడ మలుపు దగ్గర ఏం చేస్తుందో నేను చెప్పలేను. నేను బిగించింది మీకోసం కాదు.”

లేచి, గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమ్మని చూసి, “చూశావా అమ్మా ఏం చేసిందో?” అన్నాడు.

“చూశాను” అంది ఆవిడ. “దగ్గరుండి చూశాను. సీట్లో కూర్చుంది నేనేరా.”

అతను చేతికైన గీతని చూసుకుంటూ నిలబడ్డాడు. కొండెక్కేముందు బండిని ఒకసారి తిప్పి చూడాలి. నేను దిండు లేకుండా సీట్లోకి దిగి బెల్టు పెట్టుకున్నాను. ఏం తోచిందో, అతను కూడా వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ సీట్లో అతనెప్పుడూ కూర్చోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. వాకిట్లోకి వచ్చాను. వాకిలి దాటాను. వీధి చివర ఎగుడుదిగుడు రోడ్డు మీదికి రాగానే వెనకనుంచి ప్రతి గుంతా, ప్రతి గులకరాయీ టకటకమని లోపలికి వినపడింది.

“ఏంటీ చప్పుడు?” అన్నాడు కంగారుగా.

“రబ్బరు తీసేశాను కదా” అన్నాను.

మలుపు వచ్చింది. నేను కాలు ఎత్తలేదు. చక్రాలు చూడాల్సిన వైపే చూశాయి. పక్కన అతని కుడికాలు ముందుకి చాచుకుని, ఖాళీ నేల మీద బ్రేకు కోసం తొక్కుతూనే ఉంది. బ్రేకు నా కాలి దగ్గర ఉంది.